నొక్కిందెవరో తేలాలి

హనుమంతరావుగారి సిద్ధాంతం ఒక్కటే. లోకంలో ఎక్కడ ఏ గంట మోగినా, ఏ హారను కూసినా, ఏ బటను 'కిర్రు'మన్నా దాన్ని ఎవరో ఒకరు నొక్కే ఉంటారు. ఆ నొక్కినవాళ్ళెవరో తేలేదాకా బండి కదలకూడదు. బండంటే బస్సే కానక్కర్లేదు. భోజనం, పెళ్ళి, పురాణం, ఏదైనా సరే.

ఆయన ఇంట్లో కాలింగ్ బెల్లు మోగిందనుకోండి. మామూలు మనిషైతే వెళ్ళి తలుపు తీస్తాడు. హనుమంతరావుగారు కుర్చీలోంచి కదలకుండా కేకేస్తారు.

"ఎవరు నొక్కారు?"

"నేనేనండి," అంటుంది బయట కూరల సంచీతో నిలబడ్డ భార్య కోటేశ్వరమ్మగారు.

"నేనంటే?"

"ముప్పయ్యారేళ్ళుగా మీకు ఉప్మా చేసిపెడుతున్న నేను."

"అది సరే. నొక్కింది నువ్వేనా, ఇంకెవరైనా నొక్కి పారిపోతే నువ్వొచ్చి నిలబడ్డావా?"

ఆ తర్వాత ఆవిడ బెల్లు మీద ఆశ వదులుకుని పెరటి గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టింది.

తెనాలిలో ఒక అపార్టుమెంటుకి చుట్టపుచూపుగా వెళ్ళి నాలుగో అంతస్తుకని లిఫ్టెక్కారు. అది రెండో అంతస్తులో ఆగింది. తలుపు తెరిస్తే ఎవరూ లేరు. ఇంకొకరైతే మళ్ళీ బటను నొక్కి పైకి పోతారు. ఈయన దిగిపోయి, ఆ అంతస్తులో ఉన్న నాలుగు ఫ్లాట్ల తలుపులూ వరసగా తట్టారు. మూడోదాంట్లో పిల్లాడికి అన్నప్రాశన జరుగుతోంది. పెద్దాయన వచ్చాడు కదాని కూర్చోబెట్టి పాయసం పెట్టారు, ఆశీర్వదించమన్నారు. గంటన్నర తర్వాత నాలుగో అంతస్తుకి చేరారు, నుదుట కుంకుమతో, చేతిలో తాంబూలంతో.

"ఎక్కడికి పోయావు మావయ్యా?" అని అడిగాడు రవిశంకర్. ఆ చుట్టం అతనే, హనుమంతరావుగారి మేనల్లుడు.

"తేలిందిరా. వాళ్ళ పనిమనిషి నొక్కింది. నొక్కాక చెప్పులు మర్చిపోయానని మళ్ళీ లోపలికెళ్ళిందిట."

ఈ హనుమంతరావుగారు తెనాలి, రేపల్లెల మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన మనిషి ఇంట్లో కూర్చుని ప్రతి గంటకీ విచారణ జరుపుతుంటే కోటేశ్వరమ్మగారు తట్టుకోలేక, "మీ మావయ్యని ఏదో ఒక పనిలో పెట్టరా నాయనా," అని రవిశంకర్ దగ్గర మొరపెట్టుకుంది. రవిశంకర్ కి తెనాలిలోనే ఒక టిఫిన్ హోటలు పైన కంప్యూటర్ గేములు తయారుచేసే ఆఫీసుంది. అందులో మూడు కంప్యూటర్లు, ఒక్క ప్రోగ్రామరు. ఆ ప్రోగ్రామరు పేరు ప్రశాంతి. తయారైన గేములు ఆడి, తప్పులు పట్టే పని మావయ్యకి అప్పగించాడు.

ప్రశాంతి పేరులో ఉన్నది ఆ రోజుతో పోయింది.

"బాబాయిగారూ, ఈ ఆకుపచ్చ బటను నొక్కండి," అంది మొదటిరోజు.

ఆయన నొక్కారు. 'టింగ్' అంది.

"ఎవరు నొక్కారు?" అన్నారాయన.

"మీరేనండి."

"నేనని దానికెలా తెలుసు?"

"దానికి తెలియక్కర్లేదండి. నొక్కారని తెలిస్తే చాలు."

"ఎవరు నొక్కారో తెలియకుండా మోగడమేంటమ్మా? అన్యాయం కదూ!"

ఇలా రోజుకి అరవై డెబ్భైసార్లు. ఆరు నెలలు గడిచేసరికి ప్రశాంతికి నిద్రలో కూడా "మీరేనండి, మీరేనండి" అనే పలవరింత పట్టుకుంది.

అప్పుడొచ్చింది అసలు పని. ఆ చుట్టుపక్కల మహిళా సంఘాలన్నీ కలిసి క్విజ్ పోటీలు పెట్టుకుంటున్నాయి. ముందు బాపట్లలో చిన్నది, వారం తర్వాత రేపల్లెలో పెద్దది. వాళ్ళకో గేము కావాలి. పెద్ద టచ్ స్క్రీను బల్ల మీద పరిచి ఉంటుంది, క్యారమ్ బోర్డులాగా. పోటీకొచ్చినవాళ్ళ పేర్లు అప్పటికప్పుడు రాయిస్తే ఎంతమందుంటే అన్ని గుండ్రటి బటన్లు స్క్రీను అంచుల్లో పుట్టుకొస్తాయి. ప్రశ్న చదవగానే జవాబు తెలిసినావిడ తన బటను నొక్కాలి. ముందు ఎవరు నొక్కితే వాళ్ళ పేరు స్క్రీను గట్టిగా పిలుస్తుంది, జవాబుకి పదిసెకన్ల గడియారం మొదలౌతుంది. ప్రశాంతి పూర్తిగా తన చేత్తో చేసిన మొదటి గేము అది. వాళ్ళమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

"అమ్మాయ్, పన్నెండు పేర్లు రాసి పరీక్ష పెడదాం," అన్నారు హనుమంతరావుగారు.

ప్రశాంతి మనసులో లెక్క వేసుకుంది. పన్నెండు బటన్లంటే ఒక్కోదానికి అయిదుసార్లు "ఎవరు నొక్కారు?" మొత్తం అరవై. దండం పెట్టి ఒక్క పేరే రాసింది: ప్రశాంతి. ఒక్క బటనే పుట్టింది. నొక్కితే "ప్రశాంతి!" అని తియ్యగా పలికింది.

"చూశారా? నొక్కిందెవరో అదే చెప్పేసింది. ఇంక మీరు అడగక్కర్లేదు," అంది, ఏదో యుద్ధం గెలిచినట్టు.

బాపట్లలో ఆ గెలుపు కాస్తా ఎండుచేపల పాలైంది. నిజంగానే.

పోటీకి పదకొండు మంది మహిళలు పేర్లిచ్చారు. మొదలెట్టబోతుండగా కనకమ్మ అనే పెద్దావిడ గుమ్మంలో కనిపించింది. నిజాంపట్నం వైపు నుంచి ఎండుచేపల గంపతో వచ్చింది, సంఘంలో సభ్యురాలే. గంప గుమ్మం పక్కన దించి, "నన్నూ రాసుకోండమ్మా, టీ తాగే పోతాగా," అంది. రాసుకున్నారు. అలా పన్నెండో బటను పుట్టింది. ఆవిడ మైకు పట్టుకున్న హనుమంతరావుగార్ని చూసి, "బాగున్నారా కండక్టరు బాబూ?" అని పలకరించింది. ఆయన బుర్ర గోక్కుని, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు. ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మొదటి ప్రశ్న. "బాపట్ల దగ్గరున్న సముద్రతీరం పేరేంటి?"

పదకొండు జతల గాజులు ఒక్కసారి గలగలమన్నాయి. పదకొండు అరచేతులు స్క్రీను మీద పడ్డాయి. స్క్రీను తియ్యగా పలికింది.

"కనకమ్మ!"

కనకమ్మ రెండు చేతులతోనూ టీ గ్లాసు పట్టుకుని ఉంది.

"సూర్యలంక," అంది. "కానీ నేను నొక్కలేదు బాబూ."

రెండో ప్రశ్నకి కూడా "కనకమ్మ!" మూడోదానికి కనకమ్మ అసలు బల్ల దగ్గరే లేదు, గంప దగ్గరికొచ్చిన కుక్కని తోలుతోంది. అక్కణ్ణుంచే జవాబు కేకేసింది. అదీ కరెక్టే. పాపం ఆవిడకి అన్నీ తెలుసు.

"ఎవరు నొక్కారు?" అని హనుమంతరావుగారు మైకులో గర్జించారు.

"నేను!" అన్నారు పదకొండు మంది.

"నేను కాదు," అంది కనకమ్మ.

"మరి దీనికి ఆవిడే ఎందుకు కనిపిస్తోంది?"

"ఎండుచేపలు పెట్టి ఉంటుందండీ స్క్రీనుకి!" అంది వెనకనించి ఒకావిడ. హాలంతా విరగబడి నవ్వింది. అయిదో ప్రశ్నకి సగం మంది నొక్కడం మానేసి, "ఎవరు నొక్కినా వచ్చేది ఆవిడ పేరేగా," అని కుర్చీల్లో కూర్చున్నారు. చివరికి ఒక్కసారి కూడా బటను ముట్టుకోకుండా కనకమ్మ ఇడ్లీ కుక్కరు గెలుచుకుంది. దాన్ని గంపలో చేపల మీద బోర్లించి నెత్తిన పెట్టుకుని, "మంచి ఆటమ్మా, చేతికి శ్రమ లేదు," అని ప్రశాంతిని మెచ్చుకుని మరీ వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణంలో రవిశంకర్ ఒక్కటే మాటన్నాడు.

"ప్రశాంతిగారూ, రేపల్లెకి అయిదు మండలాల వాళ్ళొస్తున్నారు. అక్కడా కనకమ్మే గెలిస్తే నా ఆఫీసు మీద బోర్డు మార్చుకోవాలి. నాలుగురోజుల్లో మీ వల్ల కాకపోతే చెప్పండి, హైదరాబాదు నుంచి రెడీమేడ్ ది తెప్పిస్తాను. మీరు పెళ్ళికార్డుల డిజైన్లు చూసుకుందురుగాని."

ప్రశాంతి రెండు రోజులు ఆ ప్రోగ్రాముని పై నుంచి కిందికీ, కింద నుంచి పైకీ చదివింది. రెండు పేర్లు రాస్తే రెండోది పిలుస్తోంది. అయిదు రాస్తే అయిదోది. ఏది నొక్కినా చివరి పేరే. మూడోరోజు పొద్దున హనుమంతరావుగారు కింద హోటల్లోంచి రెండు పెసరట్లు కట్టించుకుని వచ్చేసరికి ఆ పిల్ల బల్ల మీద తల వాల్చుకుని ఉంది.

"ముందు తిను," అని పొట్లం ముందుకి తోసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అమ్మాయ్, నాకు కంప్యూటరు రాదు. అడిగినదానికి చెప్పు. ఆ బటన్లు నొక్కితే పేరు పిలిచేదెవరు?"

"ఒక ఫంక్షనుందండి. ఏ బటను నొక్కినా దాన్నే పిలుస్తుంది."

"అంటే పన్నెండు మంది ప్యాసింజర్లు, ఒక్కడే కండక్టరు."

"ఆ, అలాగే అనుకోండి."

"పిలిచిందెవరో వాడికెలా తెలుస్తుంది?"

"బటన్లు పుట్టేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని ఒక అంకె పెరుగుతూ ఉంటుందండి. నొక్కగానే ఆ అంకె చూసి, ఆ నంబరు పేరు పిలుస్తుంది."

"మంచిది. ఆ అంకె ఇప్పుడెంత దగ్గరుంది?"

"ఎంత దగ్గరేంటి బాబాయిగారూ, బటన్లన్నీ పుట్టేశాయి కదా, చివరి..." ప్రశాంతి పెసరట్టు ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

హనుమంతరావుగారు తన ధోరణిలో చెప్పుకుపోతున్నారు. "నేను బస్సులో అందరికీ టిక్కెట్లు కొట్టేసరికి నా చేతిలో పుస్తకం పన్నెండో నంబరు మీద ఉంటుంది. అప్పుడు మూడోవాడు పిలిచాడనుకో. వాడి చేతిలో టిక్కెట్టు చూడకుండా నా పుస్తకం చూసుకుని 'నువ్వు పన్నెండు' అంటే ఎలా ఉంటుంది?"

"అందరూ కనకమ్మలే అయిపోతారు!" అని అరిచింది ప్రశాంతి.

"మరి! ఎక్కినవాడికి ఎక్కినప్పుడే టిక్కెట్టు చేతిలో పెట్టాలి. పిలిచినప్పుడు వాడి టిక్కెట్టే చూడాలి. ఇది నీకు కాలేజీలో చెప్పలేదూ?"

ప్రశాంతికి అప్పుడే గుర్తొచ్చింది, చెప్పారు. ఆ రోజు సినిమాకి పోయింది. అయినా పన్నెండు బటన్లతో ఒక్కసారి పరీక్ష పెట్టి ఉంటే తెనాలిలోనే దొరికిపోయేది. ఆ ప్రశ్న తప్పించుకోడానికే కదా తను ఒక్క బటనుతో సరిపెట్టింది! చెయ్యి కడుక్కోకుండానే కీబోర్డు మీద పడింది. ప్రతి బటనూ పుట్టేటప్పుడే దాని నంబరు దానికే అతికించింది. నొక్కితే బటను తన నంబరు తానే తీసుకెళ్ళి చూపిస్తుంది. మార్చింది మూడే లైన్లు.

ఈసారి పన్నెండు పేర్లతో పరీక్ష పెట్టారు. హనుమంతరావుగారు ఒక్కోటీ నొక్కడం, "ఎవరు నొక్కారు?" అనడం, స్క్రీను సరైన పేరు పిలవడం, ప్రశాంతి చప్పట్లు కొట్టడం. అరవైసార్లూ కొట్టింది.

"నీకేం కావాలో అడగండి బాబాయిగారూ," అంది, మర్యాదా చనువూ కలగలిసిపోయిన ఆనందంలో.

"నాకేం వద్దు. ఆ జవాబు చెప్పే గడియారం మాత్రం నా చేతిలో పెట్టు. పేరు పిలవగానే అది టిక్ టిక్ మని పదిసెకన్లు పరిగెత్తకూడదు. నేను 'రైట్' అని నొక్కాకే కదలాలి."

అర్థం లేని కోరికే అనిపించింది. కానీ ఆ క్షణంలో ఆయన బస్సు కావాలన్నా కట్టి ఇచ్చేదే. ఇచ్చేసింది.

రేపల్లె హాలు కిక్కిరిసిపోయింది. మొదటి వరసలో కనకమ్మ. బాపట్ల విజేత కదా, నేరుగా పోటీలో చేర్చుకున్నారు. మొదటి ప్రశ్నకి స్క్రీను "దుర్గాదేవి!" అని పిలిచింది. నిజంగా ముందు నొక్కింది దుర్గాదేవే. రెండోదానికి ఇంకొకరు, మూడోదానికి కనకమ్మ. ప్రశాంతి ఊపిరి పీల్చుకుంది. రవిశంకర్ మొహంలో ఆఫీసు బోర్డు మళ్ళీ నిలబడింది.

నాలుగో ప్రశ్న. "ఒక్క గెల వేశాక నరికేస్తే, పక్కన పిలకలు లేచే చెట్టేది?"

"భువనేశ్వరి!" అంది స్క్రీను. ఆ పేరున్న బటను ఎర్రగా వెలిగింది. భువనేశ్వరిది కొల్లూరు దగ్గర లంక. వాళ్ళకి అరటి తోటలే. అయినా అంతమందిలో తన పేరు అంత గట్టిగా వినబడేసరికి ఆవిడ కొయ్యబారిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

హనుమంతరావుగారు గడియారం నొక్కలేదు. మైకు ఎత్తారు.

"ఎవరమ్మా నొక్కింది?"

ప్రశాంతికి తల కొట్టుకోవాలనిపించింది. పేరు పిలిచింది, బటను వెలిగింది, ఇంకా ఏం చెయ్యాలి? బటను లేచి నిలబడి దండం పెట్టాలా?

"నువ్వా అమ్మా?" అని ఆయన అవతలి చివరనున్న ఒకావిణ్ణి అడిగారు.

"నేను కాదండి," అని ఆవిడ నవ్వింది.

"మరి నువ్వా? చేతులు చూపించు. గోరింటాకు బాగా పండింది, ఎవరు పెట్టారు?" హాల్లో నవ్వులు. అలా బల్ల చుట్టూ తిరిగి, అందరికన్నా దగ్గరగా ఉన్న భువనేశ్వరి దగ్గరికి అందరికన్నా ఆఖర్న వచ్చారు. అప్పటికి ఆవిడ కూడా నవ్వుతోంది.

"నువ్వేనా?"

"నేనేనండి."

"రైట్!" గడియారం కదిలింది.

"అరటండి! మా చేలో అవేగా!" అంది భువనేశ్వరి, రెండో సెకనులోనే.

ఆ రౌండు ముగిశాక ప్రశాంతి మండిపడుతూ వచ్చి, ఓడిపోయి కుర్చీలో కూర్చున్న కనకమ్మ పక్కన కూలబడింది. "చూశారా పిన్నీ? అంత స్పష్టంగా కనబడుతుంటే ఎవరు నొక్కారని అడుగుతారేంటండీ? నా గేము పరువు తీస్తున్నారు."

"ఆ పిల్ల నొక్కితే అడిగాడు గానీ," అంది కనకమ్మ, "ఇందాక నేను నొక్కితే అడిగాడా?"

ప్రశాంతి ఆలోచించింది. అడగలేదు. వెంటనే 'రైట్' అన్నారు. దుర్గాదేవిని కూడా అడగలేదు. ఇద్దరూ గట్టి గొంతుకలవాళ్ళు.

"ఎవరు నొక్కారో ఆ బాబుకి తెలియకేం తల్లీ," అని కనకమ్మ ఆకూవక్కా తీసింది. "భట్టిప్రోలు దాటాక కాలవ తూము దగ్గర నేను దిగాలి. అక్కడ స్టాపు లేదు. స్టాపుకి పోయి దిగితే గంపతో మైలున్నర వెనక్కి నడవాలి. అడిగితే డ్రైవరు ఆపడు. అందుకని బెల్లు తాడు నేనే లాగేసేదాన్ని. బస్సు ఆగేది. ఈ బాబు నా వైపు చూడకుండా ముందు సీట్ల వైపు తిరిగి, 'ఎవరు లాగారు? నువ్వా? నువ్వా?' అని ఒక్కొక్కళ్ళనే అడుగుతూ పోయేవాడు. నేను వెనక తలుపులోంచి గంప దించుకుని, చీర సర్దుకుని, గంప నెత్తికెత్తుకుని నాలుగడుగులు వేసేదాకా విచారణే విచారణ. అప్పుడు రైట్ అనేవాడు. పదకొండేళ్ళు, వారానికి మూడుసార్లు."

"పదకొండేళ్ళా!"

"ఒకసారి గంప జారి చేపలన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఏరుకునేసరికి చాలాసేపు పట్టింది. ఆ రోజు ప్యాసింజర్లందర్నీ రెండుసార్లు అడగడం అయిపోయి, చివరికి డ్రైవర్ని కూడా అడిగాడు, 'పోనీ నువ్వు లాగావా?' అని."

ప్రశాంతి నవ్వలేక పొట్ట పట్టుకుంది. బల్ల దగ్గర హనుమంతరావుగారు ఇంకొక బెదిరిపోయిన అమ్మాయి కోసం అవతలావిడ గాజులు ఎక్కడ కొన్నదో విచారిస్తున్నారు.

పోటీ అయ్యాక సామాను సర్దుతుంటే ప్రశాంతి ఆయన ఎదుట నిలబడింది. భువనేశ్వరి రెండో బహుమతి పట్టుకుని అందరితో ఫొటోలు దిగుతోంది. మరో ఆరు ఊళ్ళ సంఘాలు గేము కావాలని రవిశంకర్ ని చుట్టుముట్టాయి.

"కనకమ్మ పిన్ని చెప్పింది బాబాయిగారూ."

"ఏ కనకమ్మ?" అన్నారాయన, వైరు చుడుతూ.

"తాడు లాగిన కనకమ్మ."

"ఓహో, ఆవిడా లాగింది! ఇన్నాళ్ళకి తేలింది," అని ఆయన మొహం అటు తిప్పుకున్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"మరి లిఫ్టుల దగ్గరా, కాలింగ్ బెల్లు దగ్గరా ఎందుకండీ అడగడం?"

"పదకొండేళ్ళు అడిగిన నోరమ్మా. ఇప్పుడు ఊరుకోమంటే ఊరుకుంటుందా?"

"బస్సు ఆలస్యమైతే డిపోలో ఏమనేవారు కాదా?"

"ఎందుకనరు? మెమోలిచ్చేవారు. 'బస్సును అకారణముగా నిలిపినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.' కట్టలకొద్దీ ఉండేవి. మంచి దళసరి కాగితం. మా ఆవిడ వాటి వెనకాల పచ్చళ్ళ కొలతలు రాసుకుంది."

ఆ మాట నిజమే. తర్వాతి ఆదివారం ప్రశాంతి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళి, మాగాయ బాగుందని కొలతలు అడిగింది. కోటేశ్వరమ్మగారు పోపులడబ్బా వెనకనించి నూనె మరకలున్న కాగితం ఒకటి లాగి చేతిలో పెట్టింది. ఒకవైపు సంజాయిషీ, రెండోవైపు మాగాయ. ప్రశాంతి దాన్ని ఆఫీసుకి తెచ్చి గోడకి అంటిద్దామనుకుంది గానీ, ఎటు అంటించినా ఇంకోవైపు మూసుకుపోతుంది. చివరికి రవిశంకర్ గది అద్దానికి అంటించింది. బయటినించి వచ్చేవాళ్ళు మెమో చదువుతారు. లోపల రవిశంకర్ రోజంతా మెంతిపిండీ ఆవపిండీ చదువుకుంటూ కూర్చుంటాడు.